మస్తాను బాబాయి జామీను

కూలరులో గడ్డి తడిసినప్పుడు వచ్చే వాసన నన్ను ఒకచోట కూర్చోనివ్వదు. నరసరావుపేటలో మేం అద్దెకుంటున్న ఈ రెండు గదుల్లో, మే నెల మధ్యాహ్నం, పాత కూలరు వెనక తలుపు తీసి బకెట్టెడు నీళ్ళు పోయగానే ఆ వాసన గుప్పుమంటుంది, మోటారు కాసేపు మూలుగుతుంది, ఆగిపోతుంది. ఇవాళ మూడోసారి ఆగింది. నేను పనిచేసే ప్రైవేటు బడిలో వేసవి సెలవులకు జీతం ఇవ్వరు కాబట్టి ఏసీ కొనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఫోను మాత్రం పొద్దుటినుంచి ఎత్తుతూనే ఉంది: మీకు నలభై వేల అప్పు సిద్ధంగా ఉంది, కాగితాలు అక్కర్లేదు, జామీను అక్కర్లేదు, అయిదు నిమిషాలు చాలు. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను, కిటికీ దగ్గర నిలబడ్డాను, మళ్ళీ వచ్చి ఫోను తీశాను. జామీను అక్కర్లేదన్న ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు ఆగిపోతోంది.

నేను పెరిగింది కారంపూడిలో. మా ఇంటి కప్పు నాపరాళ్ళది. ఎండాకాలం అది పొద్దున్నే వేడెక్కడం మొదలుపెట్టి పొద్దుగూకాక కూడా చల్లారేది కాదు, అమ్మ గోనెపట్టాలు తడిపి గుమ్మాలకు కట్టేది, నేల మీద నీళ్ళు చల్లితే చల్లినంతసేపే ఉండేవి. బస్టాండు పక్కన నాన్నది సైకిలు కొట్టు. దాన్ని ఆనుకునే ఆయిలింజన్లు బాగుచేసే మస్తాను బాబాయి షెడ్డు, రెంటికీ కలిపి ఒకటే టార్పాలిను నీడ. పంచరు సొల్యూషను వాసన, డీజిలు వాసన కలిసిన ఆ నీడలో నేనూ, బాబాయి కూతురు షమీమూ పాత టైర్లు పుల్లతో దొర్లించుకుంటూ, సీమచింతకాయలు ఒలుచుకుంటూ, పచ్చిమామిడి ముక్కల్ని ఉప్పూ కారంలో ముంచి నాలుక మండేదాకా తింటూ సెలవులన్నీ గడిపేవాళ్ళం. ఉగాదికి మా బొబ్బట్లు వాళ్ళింటికి వెళ్ళేవి, రంజానుకు పిన్ని చేసిన సేమ్యా మా ఇంటికి వచ్చేది. పిన్ని దానిలో వేసే పాలు వాళ్ళ తెల్లమేకవి. ఆ మేకకు రెండు పిల్లలుండేవి, వాటికి గడ్డి పెట్టే హక్కు కోసం నేనూ షమీమూ రోజూ పోట్లాడుకునేవాళ్ళం.

నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్నకు గాలి మిషను మీద మనసు పడింది. మాచర్ల రోడ్డున వెళ్ళే లారీలకు గాలి కొడితే సైకిళ్ళ మీద వచ్చేదానికి రెండింతలు వస్తుందని లెక్క. పాత మిషను పద్నాలుగు వేలు. వెంకటరత్నం గారని ఒక వ్యాపారి నడిపే చీటీలో నాన్న సభ్యుడు, ఇరవై మంది, ఇరవై నెలలు, ఇరవై వేల చీటీ. నెలనెలా అందరి డబ్బూ పోగేసి పాట పెడతారు. ఆ ఇరవై వేలల్లో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే డబ్బు వాళ్ళది, వదులుకున్నది మిగతావాళ్ళు పంచుకుంటారు. పాడుకున్నవాడు చివరి నెలదాకా కట్టి తీరాలి, అందుకో జామీను చూపించాలి. మూడు వేలు వదులుకుంటే పదిహేడు చేతికొస్తాయి, మిషను పోగా మిగిలిన మూడుతో అమ్మకొక కూలరు, అదీ ఇంట్లో అనుకున్నది. పాటకు బయల్దేరుతుంటే అమ్మ ఒకటే చెప్పింది.

"మూడు వేలు దాటితే లేచి వచ్చెయ్యి."

ఆదివారం పొద్దున వెంకటరత్నం గారి అరుగు మీద పాట. మరమరాల మిక్చరు పెడతారని నేను కూడా వెళ్ళాను. వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు అంటూ అందరూ బద్ధకంగా పాడుతున్నారు. మూడు వేల దగ్గర నాన్న ఒక్కడే మిగిలాడు, ఇంకో నిమిషంలో అయిపోయేది. అప్పుడు ఎరువుల కొట్టు సాంబయ్య ముక్కుపొడుం దులుపుకుంటూ అన్నాడు.

"గాలి కొట్టేదానికి గూడా పెట్టుబడి కావాల్నా ఏంది? మూడున్నర."

అరుగంతా నవ్వింది. నాన్న చెవులు ఎర్రబడటం నేను చూశాను. మా వైపు మనుషులు ఆకలి వేస్తే ఓర్చుకుంటారు, నలుగురూ నవ్వితే మాత్రం ఓర్చుకోలేరు, దానికి పౌరుషమని పేరు పెట్టుకుని మురిసిపోతారు కూడా. నాలుగన్నాడు నాన్న. సాంబయ్య అయిదన్నాడు, నాన్న ఆరన్నాడు, సాంబయ్య ఆరున్నర అనేసరికి నాన్న లేచి నిలబడి ఏడన్నాడు. సాంబయ్య చేతులు దులుపుకుని మిక్చరు పొట్లం విప్పుకున్నాడు. ఇరవై వేల చీటీ పదమూడు వేలకు పాడుకుని, గెలిచినవాడిలా నా చెయ్యి పట్టుకుని నాన్న ఇంటికి నడిచాడు. జామీను కాగితం మీద మస్తాను బాబాయి చేతికున్న గ్రీజు తుడుచుకుని సంతకం పెట్టాడు, ఎంతకు పాడావని కూడా అడగలేదు.

బుద్ధి ఉంటే కూలరు మానెయ్యాలి. కానీ కూలరు వస్తోందని బజారంతా విన్నాక మానడం ఎట్లా? ముందు కూలరే వచ్చింది, రిక్షాలో, ఊరేగింపుగా. మిషనుకు తక్కువపడిన నాలుగు వేలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఎండాకాలం మాకు స్వర్గం. తడిగడ్డి వాసనతో చల్లగాలి మొహాన కొడుతుంటే వీధి పిల్లలమంతా వరసగా నిలబడి ఫ్యానులోకి "ఆ" అని అరిచి, మా గొంతు ముక్కలై తిరిగి రావడం విని నవ్వేవాళ్ళం. అమ్మ మాత్రం కూలరు ముందు కూర్చుని కూడా వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతూనే ఉండేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పత్తి లేదు, మిర్చి లేదు, లారీలు లేవు. మిషను టార్పాలిను కింద దుమ్ము కొట్టుకుంటూ కూర్చుంది. వడ్డీ కడితే చీటీకి ఉండేది కాదు, చీటీ కడితే బియ్యానికి ఉండేది కాదు. రెండు నెలలు చీటీ ఆగింది. విచిత్రంగా వెంకటరత్నం గారి మనిషి మా గుమ్మం తొక్కలేదు. పెద్దాయన ఓపిక పట్టాడని నాన్న అనుకున్నాడు, అనుకోవడం తేలిక కాబట్టి.

రంజాను చలికాలంలో వచ్చింది. నేను కొత్త గౌను వేసుకుని షమీము వాళ్ళింటికి పరుగెత్తాను. పిన్ని గిన్నెలో సేమ్యా పోసి ఇచ్చింది, ఒక చెంచా నోట్లో పెట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. గుంజ ఉంది, తాడు ఉంది, మేక లేదు, పిల్లలూ లేవు. షమీము నా వెనకే వచ్చింది.

"అమ్మేశాంలే. మా అబ్బా మీ చీటీకి కట్టాడంట," అంది. దాని మాటలో కోపం ఏమాత్రం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

సేమ్యా గిన్నె అక్కడే గట్టు మీద పెట్టేశాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, అమ్మ పొయ్యి మీద గిన్నె దించి నాన్నకు చెప్పింది. చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా నాన్న బాబాయి ఇంటికి వెళ్ళాడు, నేను వెనకే. ఎందుకు చెప్పలేదురా అని గుమ్మంలోనుంచే అడిగాడు. బాబాయి పండగ అత్తరు వాసనతో వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"చెబితే నువ్వు ఇంకోకాడ వడ్డీకి తెచ్చేవాడివి గదన్నా. జామీనంటే సంతకం పెట్టి పోయేది కాదు. నువ్వు కట్టలేకపోతే నేను కట్టాల, అంతే."

వారం తిరక్కుండా మూడు వేల కూలరు పన్నెండు వందలకు అమ్ముడుపోయింది. గాలి మిషను పిడుగురాళ్ళ ఆసామి పట్టుకెళ్ళాడు, ఆ డబ్బుతో వడ్డీ అప్పు తీరింది. మిగిలిన నెలల చీటీ నాన్న సైకిళ్ళ మీదే కట్టాడు. ఏడాది తర్వాత నాన్నే వెళ్ళి బాబాయి దొడ్లో ఒక మేకను కట్టివచ్చాడు, నల్లది. దానికి నేనెప్పుడూ గడ్డి పెట్టలేకపోయాను.

అమ్మ ఆ తర్వాత ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. ఏ అప్పయినా సరే, నెలకు ఎంత కట్టాల్సి వస్తుందో అంత, అప్పు తేకముందే మూడు నెలలు బోర్నవీటా డబ్బాలో వేసి చూడాలి. మధ్యలో ఏ నెలయినా డబ్బాలో చెయ్యి పెట్టాల్సి వచ్చిందా, ఆ అప్పు మన స్తోమతకు మించిందన్నమాట. మా ఇంటికి రావలసిన టీవీ రెండో నెలలో ఆ డబ్బాలోనే ఆగిపోయింది. నేనూ తమ్ముడూ అమ్మను ఎంత తిట్టుకున్నామో చెప్పలేను.

ఇప్పుడా అరుగు లేదు, సైకిలు కొట్టున్న చోట సెల్‌ఫోన్ల షాపు, నాన్న లేడు, సంతకం పెట్టేముందు చేతులు తుడుచుకునే మనుషులూ లేరు. అమ్మ డబ్బా మాత్రం నా బీరువాలో ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. నెలకు మూడు వేలు కట్టాలంటోంది ఫోను; నా పర్సులో ఎనిమిది వందలున్నాయి. మొదటి నెలే తేలిపోయింది, అయినా కుదురు లేదు, చెమట తుడుచుకుని మళ్ళీ ఫోను అందుకున్నాను. అప్పు యాప్ నా ఫొటో తీసుకుంది, ఆధారు తీసుకుంది, చివరికి నా కాంటాక్టులు చూడటానికి అనుమతి అడిగింది.

కట్టడం ఆలస్యమైతే వీళ్ళు ఆ నంబర్లన్నిటికీ ఫోను చేసి తిడతారని మా స్టాఫ్‌రూములో ఒకామె ఏడ్చిన సంగతి గుర్తొచ్చింది. జామీను అక్కర్లేదంటే అర్థం అదన్నమాట, మనల్ని అడగకుండా అందరినీ జామీను పెట్టుకుంటారు. నా ఫోనులో మస్తాను బాబాయి నంబరుంది. ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, ప్రతి శుక్రవారం నమాజయ్యాక చేసి, బాగుండావా అమ్మా అని అరుస్తాడు. వాళ్ళు చేస్తే ఆయనకు తిట్లు వినపడవు, బెదిరింపులు వినపడవు. నా పేరు వినపడుతుంది. ఎంత కట్టాలని అడుగుతాడు.

వద్దు అని నొక్కాను. ఆయనకిప్పుడు అమ్ముకోవడానికి మేకలు కూడా లేవు.