మామ ఎంగిలిపడకుండా లేచిన పూట

సహోదరులారా, ఈ పొద్దున ఆరాధన అయి ఇంటికి పోయాక నేను చేసిన తప్పు చెప్పకుండా ప్రభువు చేసిన మేలు చెప్పలేను. నా బిడ్డ వాకిట్లో పడి ముక్కు నుంచి రక్తం కారితే, అన్నానికి కూర్చున్న మా మామతో "మల్ల మీ ఇంటి రక్తమే గదా మామా" అన్నాను. ఆయన కలిపిన ముద్దను పళ్లెంలోనే వదిలి, చెయ్యి కడుక్కొని వెళ్లిపోయాడు. "మా బాపు ఎంగిలిపడకుండ పోయిండు" అని మాత్రం అన్నది నా భార్య.

మా కొడుకు రక్తపు క్యాన్సరుతో పోయిన సంగతి మీకు ఎరుకే, మీరే మోసుకుపోయి మట్టి చేశారు. నేను బొగ్గుబాయి నుంచి వచ్చే వేళకు వాడు సందు మూలన నిలబడేవాడు. ఇప్పటికీ ఆ మూల తిరగగానే నా కళ్లు వాణ్ణే వెతుకుతాయి. ఆనాడు మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఇట్లాంటి జబ్బు మీ ఇండ్లల్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగింది. మామ నిర్మల్‌లో పొనికి కట్టెతో బొమ్మలు చేసే మనిషి, అబద్ధం తెలియదు. "నా చెల్లె చిన్నప్పుడే రక్తం లేక పాలిపోయి సచ్చిపోయిందమ్మా" అన్నాడు. నేను "మా దిక్కు ఎవ్వరికి లేదు" అన్నాను. నా తమ్ముడు చిగుళ్ల నుంచి రక్తం కారి, ఒంటినిండా నల్లమచ్చలతో పోయాడు. చేతబడి అని మా అవ్వ కప్పిపెట్టింది, నేనూ కప్పిపెట్టాను.

ఈ జబ్బు కొన్ని జాతుల్లో ఎక్కువ, కొన్నిట్లో తక్కువ, కొన్ని ఇండ్లల్లో తోబుట్టువులకూ వచ్చింది, కానీ ఫలానా వాళ్ల రక్తం అని వేలుపెట్టి చూపే విద్య మాకింకా రాలేదు అని చెప్పింది డాక్టరమ్మ. ఆ వేలు ఆనాడే నేను పెట్టాను, నిజం చెప్పిన మనిషి మీదనే పెట్టాను. అప్పటి నుంచి మామ మనుమరాలికి బొమ్మలు పంపేవాడు గానీ తాను వచ్చేవాడు కాదు. ఆ బొమ్మను బిడ్డకిచ్చే ముందు నా భార్య ముఖానికి ఆనించుకొని వాసన చూసేది. ఇన్నేండ్లకు ఈ ఆదివారం వచ్చాడు.

ఆ పళ్లెం ముందు మోకరించాను. "ప్రభువా, నా బిడ్డను కాపాడుమని రోజూ అడిగిన, నా నోరు బాగుచెయ్యుమని ఒక్కనాడు అడగలే. ఇయ్యాల అడుగుతున్న" అన్నాను. లేచి బస్సుల దగ్గరికి ఉరికి మామను అందుకున్నాను.

"మామా, నా తమ్ముడు గట్లనే పోయిండు. డాక్టరమ్మ ముంగట దాచిన."

"మనుమన్ని నేనే మింగిననుకున్న గదా అల్లుడా" అన్నాడు. తర్వాత, "పోరి ముక్కు ఏమాయె?"

"తడిగుడ్డ పెడితే ఆగింది. నువ్వు తెచ్చిన గుర్రంతోని ఆడుతుంది."

"నీ నోరు పొనికి కట్టెదైతే చెక్కి సాపు చేద్దును" అంటూ కండువాతో కళ్లు తుడుచుకొని నా వెంట నడిచాడు.

సహోదరులారా, నా బిడ్డకు ఆ జబ్బు రాదని నాకెవరూ చెప్పలేదు. ఆ భయంలో అబద్ధం చెప్పకుండా బతకడానికి మాత్రం ఈ రోజు నాకు విడుదల దొరికింది, దేవునికే మహిమ. మీ ఇంట్లో ఎవరి నెత్తిన ఏ నింద పెట్టి ఉన్నా, నమ్మి ఆయన పాదాల దగ్గర దించండి. దాచిన మాట రేపు డాక్టరమ్మకు చెప్పి వస్తాను.

బస్సుల దగ్గర నుంచి ఇంటికి రాగానే మామకు వేడి అన్నం నేనే వడ్డించాను. ఆయన వదిలిపోయిన ముద్ద పళ్లెంలో చల్లారి ఉంది. ఆయన పక్కన కూర్చొని అది నేను తిన్నాను.