కింది కంప్యూటరు, పై కంప్యూటరు

కిందటి వారం వట్లూరులో మా కాలేజీ సహోద్యోగి ఇంటి మెట్ల మీద నిలబడి ఉండగా లోపల్నుంచి టక్కుమని చప్పుడైంది. తాడేపల్లిగూడెంలో పెళ్ళికి అందరం ఒకే కారులో బయలుదేరుతున్నాం. ఆయన మెయిన్ స్విచ్ దించి తలుపుకి తాళం వేస్తున్నారు. ఊరెళ్ళే ముందు అందరూ చేసే పనే. కానీ నేను మెట్లు దిగలేదు. మేడమీద అద్దెకుంటున్నావిడకి ఇంటర్నెట్ ఈయన ఇంట్లోంచే వెళ్తుందని నాకు తెలుసు. ఆవిడకి చెప్పారా అని అడిగితే, సాయంత్రానికి వచ్చేస్తాం కదండీ అన్నారు. తాళం తీయించి, మెయిన్ నేనే ఎత్తాను. పెళ్ళికి ఆలస్యమైందని కారులో అందరూ విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ. ఆ చప్పుడు ఎంత పని చేస్తుందో నాకు మా పెదనాన్న నేర్పారు.

పెదనాన్న ఏలూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఊళ్ళో అందరికీ మాస్టారు. టైపు మిషన్ల కాలం అయిపోతుందని అందరికంటే ముందు కనిపెట్టి, మా వీధిలో మొదటి కంప్యూటరు కొన్నది ఆయనే. మా ఇల్లు రెండు వాటాలు. కింద పెదనాన్న, పెద్దమ్మ, మేడమీద మేము. కరెంటు మీటర్లు వేరు, వంటలు వేరు, టెలిఫోన్ లైను మాత్రం ఒక్కటే, అది కింద ఉండేది. నాన్న నాకోసం ఒక పాత కంప్యూటరు కొన్నాక, ఇంటర్నెట్ మాకూ ఇవ్వమని అన్నగారిని అడిగారు. పెదనాన్న వెంటనే ఒప్పుకున్నారు. అయితే పద్ధతి ఆయనది. లైను ముందు ఆయన కంప్యూటరులోకి వెళ్తుంది. అక్కడ్నుంచి నీలం వైరు కిటికీలోంచి బయటికొచ్చి, వాన నీటి గొట్టం వెంబడి పైకెక్కి, మా కిటికీలోంచి నా కంప్యూటరుకి చేరుతుంది. కింది కంప్యూటరు నడుస్తుంటేనే పైదానికి ఇంటర్నెట్. రెండింటికీ సమానంగా పంచే పెట్టె ఒకటి దొరుకుతుందట పెదనాన్నా అంటే, "నా కంప్యూటరుండగా మధ్యలో పెట్టెందుకే?" అన్నారు.

ఆ వైరు కొసలు బిగించడం ఆయనే నేర్పారు. ఎనిమిది రంగుల సన్నటి తీగల్ని వరసలో పేర్చి, కొసలు సమంగా కత్తిరించి, గాజులాంటి చిన్న ప్లగ్గులోకి దూర్చి నొక్కాలి. నేను మొదట బిగించినదాన్ని కళ్ళద్దాలు పైకెత్తి చూసి, ఏమీ అనకుండా కత్తెరతో తుంచేశారు. రెండోదీ తుంచేశారు. పదకొండోది తుంచలేదు. బాగుందని కూడా అనలేదు. ఈనాటికీ కాలేజీ ల్యాబులో నేను బిగించిన వైరు ఊడదు. అది ఆయన దిద్దిన చెయ్యే. కాదనను.

కానీ ఆయన మధ్యాహ్నం పడుకునేటప్పుడు కంప్యూటరులోని ఫ్యాను రొదకి నిద్ర పట్టట్లేదని దాన్ని ఆపేసేవారు. పైన నా పేజీ సగంలో ఆగిపోయేది. మెట్లు దిగి, తలుపు దగ్గర నిలబడి, కొంచెం ఆన్ చేస్తారా పెదనాన్నా అని అడగాలి. ఎన్నిసార్లు అడిగానో నాకు గుర్తుంది. ఒకసారి ఉండి అనే ఊరి నుంచి పెద్దమ్మ తరఫు చుట్టాలొచ్చారు. వాళ్ళ ముందే, "పైవాళ్ళకి మేం వదిలితేనే ఇంటర్నెట్టండీ, కాలవకి నీళ్ళొదిలినట్టు" అని నవ్వారు. వాళ్ళూ నవ్వారు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఇంజనీరింగ్ సీట్లకి ఆప్షన్లు ఎక్కించాల్సిన రోజులొచ్చాయి. నాకు కంప్యూటర్ సైన్స్ కావాలి. అది తప్ప ఇంకేమీ వద్దు. ముందు ఏదో ఒకటి ఎక్కించి సేవ్ చెయ్యి, చివరి రోజు దాకా ఎలాగూ మార్చుకోవచ్చు అన్నది పెదనాన్నే. ఆ మాట విని, దగ్గర్లో ఉందని తాడేపల్లిగూడెం కాలేజీలో సివిల్ మొదట పెట్టి సేవ్ చేశాను. అసలు వరస కాగితం మీద నాన్నా నేనూ వారం రోజులు కూర్చుని రాసుకున్నాం. చివరి రోజు పొద్దున్నే కిందికి వెళ్ళి చెప్పాను.

"ఈ ఒక్కరోజు సాయంత్రం ఆరింటి దాకా కంప్యూటరు ఆపకండి పెదనాన్నా."

"ఆపనే. నేను మాటిచ్చానంటే ఇచ్చినట్టే."

నాలుగున్నరకి సగం ఆప్షన్లు మార్చాను. సేవ్ చెయ్యకముందే పేజీ ఆగిపోయింది. మా ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. పరుగున దిగాను. కింద తలుపుకి తాళం. లోపల యూపీఎస్ కీచు కీచుమంటోంది, కానీ ఇంటర్నెట్ మోడెం దానికి తగిలించి లేదు. పెదనాన్న సెల్లుకి ఫోన్ చేస్తే అదీ తలుపు వెనకే మోగింది. పెద్దమ్మని తీసుకుని పెదపాడులో చేపల చెరువున్న వియ్యంకుడి ఇంటికి ఇప్పుడే వెళ్ళారని పక్కింటావిడ చెప్పింది. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. కాసేపటికి కీచుమనడం ఆగిపోయింది. సైకిలేసుకుని నెట్ సెంటరుకి వెళ్తే ప్రతి కంప్యూటరు ముందూ నాలాంటి వాళ్ళే. నా వంతు వచ్చేసరికి గడువు దాటింది.

ఆయన చీకటిపడే వేళకి చేపల సంచితో వచ్చారు. నాన్న విషయం చెప్పారు. పెదనాన్న నావైపే చూసి అన్నారు.

"నేను కంప్యూటరు ఆపలేదే. చూసుకో, దాని స్విచ్చి ఆన్‌లోనే ఉంది. మెయిన్ కట్టేశాను, అంతే. ఊరెళ్తూ మెయిన్ కట్టకుండా ఎవరెళ్తారు?"

పెద్దవాడు, పోనీలే అమ్మా అన్నారు నాన్న. ఆ మాటకి నాన్న మీద కూడా కోపం ఉంది.

నేను పోనివ్వలేదు. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, ఆయన మిషను మీదే, జరిగిందంతా ఫిర్యాదుగా టైపు చేశాను. అడుగున, పై విషయాలు నిజమని అంగీకరిస్తున్నాను అని, ఆయన సంతకానికి ఒక గీత. ఆయన బల్ల మీద పెట్టాను. మర్నాడు ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. మార్జిను చాలలేదట. రెండో పేరాలో కోపం ఉంది కానీ విషయం లేదట. టైము వెయ్యలేదట. ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ టైపు చేశాను. మళ్ళీ ఎర్ర సిరా. మూడోదీ అంతే. నాలుగోదాన్ని ఆయన రెండుసార్లు చదివారు. ఎర్ర పెన్ను మూత పెట్టారు. "ఇప్పుడు తప్పుల్లేవు" అని, పంచితో కన్నాలు పొడిచి ఫైల్లో పెట్టుకున్నారు. సంతకం చెయ్యలేదు.

రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి నాలుగేళ్ళు సివిల్ చదివాను. కంప్యూటర్లు నా అంతట నేను నేర్చుకుని, ఇప్పుడు వట్లూరులో ల్యాబు చూస్తున్నాను. నా ల్యాబులో ఏ కంప్యూటరూ ఇంకో కంప్యూటరు దయ మీద నడవదు. అన్నిటి మధ్యా పెట్టె ఉంటుంది, దానికి వేరే కరెంటు లైను ఉంటుంది. నేను రాసిన ఫిర్యాదుకి ఏ ఆఫీసూ జవాబివ్వకుండా తప్పించుకోలేదు. టైము ఉంటుంది, విషయం ఉంటుంది, మార్జిను ఉంటుంది.

పెదనాన్న పోయాక పెద్దమ్మ ఆ ఫైలు నాకిచ్చింది. పైన ఆయన చేత్తో నా పేరు రాసి ఉంది. అంతా అయిపోయాక ఎప్పుడో ఒకప్పుడు సంతకం పెట్టి ఉంటారని ఆశపడి తెరిచాను. గీత ఖాళీగానే ఉంది. సెలవురోజుల్లో అప్పుడప్పుడూ తీసి చదువుతాను. ఒక్క తప్పు కూడా దొరకదు.