ఎలియాజరు బాబాయి ఇత్తడి బిళ్ల

మా ఎదురింటి ఎలియాజరు బాబాయికి ఒకటే పిచ్చి. ఊళ్లో తోక ఉన్న ప్రతి ప్రాణికీ మునిసిపాలిటీ బిళ్ల ఉండాలి. ఎవరు ఎదురైనా "బాగున్నావా" అనడు. "బిళ్ల కట్టేరా?" అంటాడు. కుక్కని పెంచుకునేవాళ్లు దానికి సూది వేయించి, ఆ కాగితం ఆఫీసులో చూపించి, ఏడాదికోసారి మెడకి ఇత్తడి బిళ్ల తెచ్చుకోవాలని రూలు. ఆ రూలు అనకాపల్లిలో ఇద్దరికే గుర్తుంది. ఒకరు బాబాయి. రెండోవాడు, బాబాయి మెట్లెక్కడం చూడగానే బీరువా వెనక నక్కే గుమాస్తా త్రినాధరావు.

మా ఆడపడుచు సుజి పెళ్లిలో, బాబాయి చర్చి గుమ్మం దగ్గర పెళ్లికొడుకుని దీవించడానికి వెళ్లి చెవిలో ఏదో అన్నాడు. అతను బిత్తరపోయాడు.

"ఏమన్నావు బాబాయ్?"

"ఆళ్లింట్లో బొచ్చుకుక్కుందట. బిళ్ల లేదట. పిల్లనెలా ఇచ్చేరమ్మా?"

తర్వాత పిల్లుల మీద పడ్డాడు.

"పిల్లులకి రూలు లేదు బాబూ," అన్నాడు త్రినాధరావు బీరువా వెనకనుంచే.

"మరి పిల్లి తప్పిపోతే ఎవుల్నడగాల?"

"పిల్లినే అడగండి."

బాబాయికీ ఒక కుక్క ఉంది. పేరు టైగరు. మేం ఆ వీధికొచ్చి ఏళ్లయినా దాన్ని చూసింది లేదు. ఎప్పుడడిగినా "లోపల తొంగున్నాది" అంటాడు.

నేను మైక్రోబయాలజీ చదివాను. ఏ క్రిమి ఎక్కడ దాక్కుంటుందో తెలుసు, అందుకే నిద్ర పట్టదు. మా అమ్మాయి సిరికి అప్పుడు నాలుగేళ్లు. వీధిలో తిరిగే ఓ గోధుమరంగు కుంటికుక్కంటే దానికి ప్రాణం. బూందీ అని పేరు పెట్టింది. బూందీ గుమ్మంలో కూర్చుంటే తప్ప ముద్ద మింగదు. ముద్దకీ ముద్దకీ మధ్య సిరి చేతులు కడిగి కడిగి నా వేళ్లు ముడతలు పడ్డాయి.

"బిళ్ల కట్టించు పుష్పమ్మా," అనేవాడు బాబాయి రోజూ.

"అది మా కుక్క కాదు బాబాయ్."

"మీ గుమ్మంలో తింతంది, మీ గుమ్మంలోనే తొంగుంటంది. మరెవుల్దేటి?"

వాదించడానికి నాకు ఓపికుండేది కాదు.

రెండువేల ఐదు వేసవిలో, కశింకోట వైపు పిచ్చికుక్క ఎవర్నో కరిచిందన్నారు. మర్నాడే మా వీధిలోకి కుక్కల బండి వచ్చింది. నేను స్టవ్ మీది పాలు దించి వచ్చేలోగా బూందీని వలేసి పట్టుకుపోయారు. పోనీ, ఒక భయం తీరిందనుకుందామంటే, సిరి మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఏడవనూ లేదు. బూందీ కూర్చునే చోటే వెళ్లి కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

ఆఫీసుకి ఫోన్ చేశాను. సాయంత్రంలోగా ఎవరూ బిళ్ల చూపించి విడిపించుకోకపోతే, పట్టినవాటిని ఊరవతల వదిలేస్తామన్నారు. కుంటిది, తిరిగి ఎలా వస్తుంది? సిరిని ఎత్తుకుని ఆటో ఎక్కాను.

ఆఫీసు వెనక దొడ్లో, బోనుల ముందు బాబాయి నిలబడి ఉన్నాడు. సైకిలు కింద పడేసి ఉంది. చేతిలో ఇత్తడి బిళ్ల.

"ఇది నా టైగరు," అంటున్నాడు, బూందీని చూపించి.

త్రినాధరావు దాక్కోవడానికి అక్కడ బీరువా లేదు. "పోయినేడు టైగరు నల్లగా ఉంది కదా బాబూ?"

"ఎండకి ఎలిసిపోనాది."

"మగది కూడాను."

బాబాయి వంగి బూందీని ఓసారి చూశాడు. "వయసొచ్చింది కదా, మెత్తబడింది."

"అంతకు ముందేడు తోక లేదు."

"మొలిసింది."

త్రినాధరావు నిట్టూర్చి, నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "బాబుకి కుక్కే లేదమ్మా. ఏడాదికో వీధికుక్కకి సూది వేయించి, దాన్నే టైగరని బిళ్ల తీసుకుంటాడు. బండి వచ్చిన రోజు ఆ బిళ్ల పట్టుకుని బోనుల దగ్గరికి పరిగెత్తుకొత్తాడు. ఎవులి కుక్కకి వాళ్లు బిళ్ల కట్టుకుంటే ఈ వయసులో ఆయనకీ పరుగుండదు, నాకీ అబద్ధాలుండవు."

బోను తలుపు తీశాడు. బాబాయి బూందీ మెడకి బిళ్ల కట్టి, దర్జాగా గేటు దాటించాడు. నేను ఏదో చెప్పబోయేసరికి, వంగి బిళ్ల విప్పేస్తున్నాడు.

"అదేమిటి బాబాయ్! దారిలో మళ్లీ పట్టుకుంటే?"

"ఎత్తుకో. సంకలో ఉన్నదాన్ని ఎవుడూ పట్టడు. రేపు సూదేయించి నీ పేరున కట్టించు. బండి ఇప్పుడు గవరపాలెం ఎల్లింది. నాకీ బిళ్లతో పనుంది."

సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఒక చంకలో సిరి, ఒక చంకలో బూందీ. రేబిస్ మీద చదివిన పాఠాలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. బూందీ నా భుజం మీద తల ఆనించి గురక మొదలెట్టింది.

"అమ్మా, మా ఇద్దరికీ ఆకలేస్తోంది," అంది సిరి.

షేర్ ఆటో ఆగింది. లోపల ఒక్క సీటే ఖాళీ. డ్రైవరు వెనక్కి తిరిగి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"పిల్లలిద్దర్నీ ఒళ్లో ఎట్టుకోండమ్మా."

పెట్టుకున్నాను.