చెరిపేసిన ప్రోగ్రాం చెప్పిన సలాం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి వెళ్లమంటే పాములకు భయపడేదాన్ని గానీ ఇంకో దానికి కాదు. పైగా నేను చదివింది ఎలక్ట్రానిక్స్. మెషిన్ మనం రాసినట్టే నడుస్తుంది, నడవకపోతే కారణం ఎక్కడో దొరుకుతుంది. ఒక్క మధ్యాహ్నం సంగతి తప్పిస్తే, ఇప్పటికీ నా నమ్మకం అదే.

తొంభైల చివర్లో కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. బొగ్గు బాయిల్లో గ్యాస్ పెరిగితే సైరన్ మోగించే పెట్టెలు తయారుచేసేవాళ్లం. గ్యాస్‌ను పసిగట్టే సెన్సర్లు బాయి లోపల ఉంటాయి. వాటి తీగలు పైన గదిలో ఉన్న పెట్టెకు వస్తాయి.

పెట్టెకు ప్రాణం అందులోని ఫ్లాష్ చిప్. కరెంటు పోయినా దాంట్లో రాసింది చెరగదు. దాన్ని మూడు పార్టిషన్లు చేశాం, ఇంటికి మూడు గదుల్లాగా. మొదటి చిన్న గదిలో బూట్‌లోడర్ ఉంటుంది. పెట్టె ఆన్ కాగానే లేచేది అదే. రెండో గదిలోని కొత్త ప్రోగ్రాం బాగుంటే దాన్ని నడిపిస్తుంది. చెడిపోయి ఉంటే మూడో గదిలోని పాతదాన్ని లేపుతుంది. అదీ లేకపోతే ఆగిపోతుంది.

ఈ ఏర్పాటూ, ఆ పాత ప్రోగ్రామూ సలీం సాబ్ రాసినవి. నాకు పని నేర్పినాయన. అప్పటికే రిటైరై కరీంనగర్‌లోనే ఇంటిపట్టున ఉంటున్నారు. ఆయన ప్రోగ్రాం లేవగానే తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో 'సలాం' అని వచ్చేది. అదొక సరదా ఆయనకు.

నస్పూర్ దగ్గర ఒక బాయికి కొత్త ప్రోగ్రాం వేయడానికి వెళ్లాను. సెన్సర్లు ఎక్కువై ప్రోగ్రాం పెద్దదైంది, చిప్ చూస్తే చిన్నది. అందుకే రెండు, మూడు గదుల మధ్య గోడ తీసేసి జాగా అంతా కొత్తదానికే ఇవ్వాలని ఆఫీసులో ముందే అనుకున్నాం. పాతదాన్ని చెరిపేశాను. చెరిగిందో లేదో చిప్ చదివి చూసుకున్నాను. కొత్తది రాశాను. తెర మీద వెర్షన్ నంబరు వచ్చింది. పెట్టె చక్కగా పనిచేసింది.

ఆడవాళ్లను బాయిలోకి దింపే రోజులు కావవి. నేను పైగదిలోనే కూర్చున్నాను. లోపలివాళ్లతో ఫోన్‌లో మాట్లాడే డ్యూటీ మల్లయ్యది. పెద్దాయన. అన్నం వేళకు డబ్బా తెరిచి జొన్నరొట్టె తుంచి నాకూ పెట్టాడు.

"తిను బిడ్డా, మా ఇంటామె చేసింది. కారం జర ఎక్కువుంటది."

తింటుండగా కరెంటు ఒక్కసారి పోయి వచ్చింది. పెట్టె ఆగి మళ్లీ లేచింది. తెర మీద 'సలాం'.

రొట్టె నా చేతిలోనే ఉండిపోయింది.

"ఏం రాసింది బిడ్డా?" అన్నాడు మల్లయ్య.

"సలాం అని."

"వాలేకుం సలాం," అని నవ్వాడాయన. నాకు నవ్వు రాలేదు. అది నేను పొద్దున చెరిపేసిన ప్రోగ్రాం.

దగ్గరికెళ్లి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి దూరపు సెన్సర్ దగ్గర గ్యాస్ అంకె పెరగసాగింది. పెరిగి పెరిగి సైరన్ మోగింది.

మల్లయ్య ఫోన్ అందుకున్నాడు. "గ్యాస్ చూపిస్తుంది! అందర్ని తోల్కొని బయటికి రాండ్రి! పని సంగతి తర్వాత!" ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు. "పెట్టె నిజమే చెప్తుందా బిడ్డా? మా అల్లుడు లోపలున్నడు."

"ముందైతే అందర్ని రానియ్యి కాకా," అన్నాను.

అందరూ వచ్చేశారు. గ్యాస్‌ను కనిపెట్టే సేఫ్టీ దీపాలతో వెళ్లి చూసినవాళ్లు ఆ మూల నిజంగానే గ్యాస్ చేరిందన్నారు. కరెంటు పోయినప్పుడు ఆ వైపు గాలి తోలే ఫ్యాన్ ఆగి, మళ్లీ తిరగలేదట. మల్లయ్య అల్లుడు మసి మొహంతో నవ్వుతూ డబ్బాలో మిగిలిన రొట్టె ఖాళీ చేశాడు.

ఫ్యాన్ బాగై గాలి తేటపడ్డాక పెట్టె ఆపి చిప్ చదివాను. పాత ప్రోగ్రాం ఎక్కడా లేదు. ఆ జాగాలో ఉన్నది కొత్తదాని రెండో సగం. కరెంటు పోయిన క్షణంలో కొత్తది ఒకచోట చెడింది. అంటే బూట్‌లోడర్ ఏదీ నడపకుండా ఆగిపోవాలి. పెట్టె మళ్లీ ఆన్ చేశాను. ఆగిపోయింది. తెర నల్లగా ఉంది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఇంకో పెట్టె బిగించి వచ్చేశాను.

పాత పెట్టె తీసుకెళ్లి సలీం సాబ్ ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని బూట్‌లోడర్ అంతా వరసగా చదివారు. పనిచేసే మెమరీలో పాతది మిగిలిపోయిందేమోనన్నాను.

"కరెంటు పోతే అండ్ల ఏం మిగుల్తది బేటీ? ఈ చిప్‌లకెల్లి నా ప్రోగ్రాం లేవనీకి తొవ్వనే లేదు." కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "అందరు పైకొచ్చిండ్రా?" అన్నారు.

"వచ్చిండ్రు సార్."

"మంచిగైంది. ఇగ ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు."

ఈ సంగతి చెబితే తోటి ఇంజనీర్లు నువ్వు చెరిపి ఉండవంటారు. చెరిపాను. చదివి కూడా చూశాను.

మరుసటి ఏడు మల్లయ్య అల్లుడికి కూతురు పుట్టింది. పాపను తొట్టెలో వేసే వేడుకకు పిలిస్తే వెళ్లాను. పాపను నా ఒళ్లో పెట్టి, ఆ రోజు పెట్టె ఎట్ల లేచింది బిడ్డా అని మల్లయ్య మళ్లీ అడిగాడు.

"నాకింకా తెల్వలే కాకా," అన్నాను.

ఇప్పుడడిగినా అదే చెబుతాను.