బొమ్మలు తీసేసిన పేజీ

మా పక్కింటి సారు పోయారు. శుక్రవారం పొద్దున కోడలు వంటింట్లోకి వచ్చి, "అత్తా, పక్కింటి సారు పోయినారంట" అంది. "పాలు పొంగుతాయి, చూడు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. అప్పుడు ఏడుపు రాలేదు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని ఇది రాస్తుంటే ఇప్పుడూ రావడం లేదు.

పావగడ బజారులో మాది పాత్రల అంగడి. సారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, బలసముద్రం నుంచి మా వీధికి వచ్చారు. అప్పటికే నా కళ్ళలో నడిమి చూపు పోయింది. ఎదురుగా మనిషి నిలబడితే భుజాలు, చేతులు కనబడతాయి. ముఖం ఉండాల్సిన చోట మసక. అందుకని ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. గొంతు తెలుసు, గడప దగ్గర చెప్పులు విడిచే చప్పుడు తెలుసు.

పేపరు చదవందే నాకు కాఫీ దిగేది కాదు. చూపు పోయాక ఫోన్లో పెద్దది చేసి చదవబోతే బొమ్మలూ ప్రకటనలూ అడ్డం పడేవి, చదువుతున్న వరస ఎటో జారిపోయేది. ఇంక చదువు నా వల్ల కాదనుకున్నాను. నాకున్న ఒక్క సుఖం అదే. సంగతి విని సారు అంగట్లో స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఫోను ఈడియ్యండి అక్కా. బొమ్మలన్నీ తీసేస్తా. అక్షరాలు మాత్రం పెడతా."

"బొమ్మల్లేకుంటే ఏం బాగుంటాది సారూ?"

"మీరు చదివేకి వచ్చినారా, జాతర చూసేకి వచ్చినారా?"

నల్లటి తెర మీద తెల్లటి లావు అక్షరాలు వచ్చాయి. పక్కచూపుతో ఒక్కో మాటా పట్టుకున్నాను. అవి కదల్లేదు, ఎగరలేదు. ఆ రోజు శెనక్కాయల ధర గురించిన వార్త మొదటినుంచి చివరిదాకా నేనే చదువుకున్నాను. దానితో నాకు ఏ పనీ లేదు. అయినా రెండోసారి కూడా చదివాను. థ్యాంక్స్ చెబితే ఆయనకు చిరాకు, "కాఫీ ఉండాదా?" అని మాట మార్చారు.

బలసముద్రంలో సిగ్నల్ సరిగా అందక ఆయనకు ఈ అలవాటు పడిందట. అక్కడి చేను సోలార్ పార్కుకిచ్చారు. "మా చేన్లో అంత కరెంటు పుడతాది, పేజీ ఒకటి తెరుచుకునేకి మాత్రం ప్రాణం తీస్తాది" అనేవారు. బొమ్మలు తీసేస్తే అదే పేజీ ఠక్కున వచ్చేది. పదో తరగతి రిజల్టు రోజు వీధిలో అందరి ఫోన్లలో పేజీ రాక చక్రం తిరుగుతూనే ఉంటే, సారు అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరిదీ తెరిచి చదివారు. పాసైన వాళ్ళకు గట్టిగా చెప్పారు. తప్పినవాడిని దగ్గరికి పిలిచి, "మళ్ళీ రాస్తే సరిపోతాదిలేప్పా, ముందు పోయి అన్నం తిను" అన్నారు.

అంత్యక్రియలకు ఆయన్ను బలసముద్రం తీసుకుపోయారు. నేను వెళ్ళలేదు. రోజూ పొద్దున పేజీ తెరుస్తున్నాను, చదువుతున్నాను, ఏం చదివానో గుర్తుండటం లేదు.

పదకొండో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. కుర్చీలో ఫోటో పెట్టి దండ వేశారు. ఫోటో బాగా వచ్చిందని వచ్చినవాళ్ళంతా అంటున్నారు. నాకు దండ కనబడింది, కుర్చీ చేతులు కనబడ్డాయి. ఆయన భార్య పక్కన కూర్చుని, "ఫోటో ఎట్లుండాదో చెప్పమ్మా" అన్నాను.

ఆమె కాసేపు చూసింది. "నీలం చొక్కా అక్కా. మీసం ఒక పక్క ఎక్కువ కత్తిరించుకున్నాడు. నుదుటి మీద చిన్న మచ్చ ఉండాది. ఎవురో పిలిస్తే ఇటు తిరిగినట్టుండాడు."

"ఎవురు పిలిచినారు?"

"నేనే అక్కా. ఫోటో తీసేకి ఫోన్ పట్టుకోని నేనే పిలిస్తిని."

నేను ఆమె చెయ్యి పట్టుకుని, ఆయన ఇటు తిరిగి ఉన్న వైపే చూస్తూ కూర్చున్నాను.