ఆగబోటుకు ఫర్షి

నర్సింలు అంటే మా వైపు ఎవరికీ తెలియదు. 'పడవకు ఫర్షి వేసినోడు' అంటే మాత్రం తాండూరులో రైలెక్కి వికారాబాదులో దిగేలోపు డబ్బాలో సగం మంది తల తిప్పి చూస్తారు. మిగతా సగం మంది నవ్వడానికి తల తిప్పుకుంటారు. ఈ రెండు చేతులతో ఎన్ని ఇళ్లకు, ఎన్ని గుళ్లకు, ఎన్ని మసీదులకు ఫర్షి, అంటే నేల బండలు, పరిచానో నాకే లెక్క తెలియదు. వాటి మీద నడిచేవాళ్లలో ఒక్కడికీ నా పేరు గుర్తు లేదు. ఒక్క పడవ మునిగితే అది మాత్రం ఊరందరికీ గుర్తుంది. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

అందుకే ఒక తహసీల్దారును, ఒక పట్వారీని, ఒక పటేలును పూలదండలతో సహా నడుము లోతు నీళ్లలో ఎలా నిలబెట్టానో నా నోటితోనే చెబుతాను. తప్పు నాదే. కానీ మొత్తం నాదే అంటే ఒప్పుకోను.

మా ఊరు పెద్దేముల్ వైపు. ఊరి చెరువులో పాత జాగీర్దారు గారి ఆగబోటు ఉండేది. ఆగబోటు అంటే బొగ్గు మండించి ఆవిరితో నడిపే పడవ. రెండు పక్కలా మనిషెత్తు చక్రాలు, చక్రాలకు చెక్క పలకలు, నడుమ ఒక పొగగొట్టం. జాగీర్దారు తండ్రి ఎక్కడో కొని, రైల్లో తాండూరుకు తెప్పించి, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద ఊరికి చేర్చాడట. బాతుల వేటకు. బాతులు దాని పొగను చూడగానే పరిగి దాకా ఎగిరిపోయేవని మా అవ్వ చెప్పేది. పోలీసు చర్య అయ్యాక జాగీర్లు పోయాయి, జాగీర్దారు పట్నం వెళ్లిపోయాడు. ఆగబోటు మాత్రం ఏడెనిమిదేళ్లుగా ఒడ్డున తుప్పు పట్టి పడి ఉంది.

దాన్ని నడిపిన సరంగు ఖాజా మామ. బోటు ఆగిపోయిన రోజున దాని ఇత్తడి కూతగొట్టం ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రతి శుక్రవారం చింతపండుతో తోమి, బట్టలో చుట్టి పెట్టెలో పెట్టేవాడు. భార్యను కూడా అంత భద్రంగా చూసుకోలేదని ఆ భార్యే అనేది.

ఆ ఏడు కొత్త తహసీల్దారు వచ్చి బోటును చూశాడు. "ఇది సర్కారు సొమ్ము. పాత ఇనుము కింద అమ్మేయండి" అన్నాడు.

ఖాజా మామ చేతులు జోడించాడు. "సాబ్, ఒక్కపారి నడిపిచ్చి సూపిస్త. జర మోలత్ ఇయ్యుండ్రి."

"నెల రోజుల్లో జమాబందీకి, శిస్తు లెక్కలు చూడటానికి మళ్లీ వస్తా. అప్పటికి చెరువు చుట్టి వస్తే ఉంచుదాం. లేకుంటే తునకలు చేసి అమ్ముదాం."

ఖాజా మామ ముఖం చూసి నాకు జాలి వేసింది. ఇరవై నాలుగేళ్ల వయసు, చేతిలో ఉలి, తలలో ఏమీ లేదు. చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుని నలుగురి ముందు అనేశాను.

"మామా, ఫికర్ జెయ్యకు. నేను బాగు జేస్త."

"నువ్వు ఫర్షోనివి గద బేటా."

"ఫర్షోడైతే ఏంది? మొన్న పటేలు ఆయిల్ ఇంజన్ ఎవరు బాగు జేసిన్రు?"

ఆయిల్ ఇంజన్‌లో ఇరుక్కున్న తొండను తీసింది నేనే. అంతకుమించి దానికేమీ చెయ్యలేదు. ఆ ముక్క అక్కడ చెప్పలేదు.

మొదటి పేచీ పలకలతో వచ్చింది. రెండు చక్రాలకూ కలిపి పదహారు పలకలుండాలి. ఆరే ఉన్నాయి. మిగతా పది ఊళ్లోకి నడిచి వెళ్లాయి. ఒకటి పటేలు ఉయ్యాలబల్ల అయింది. ఒకటి బడిలో నల్లబల్ల అయింది. ఇంకోటి, నేను కూర్చుని గొప్పలు పోయిన చాయ్ హోటల్ బల్లే. ఒకటి బాలమ్మ కోళ్లగూటికి తలుపు అయింది. ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"బాలవ్వా, గా పలక సర్కారుది. ఇయ్యాలె."

"ఇస్త తీస్కపో. రేపటి సంది నా కోళ్లను నువ్వు కాస్తవా?"

"ఆగబోటు నడవాల్నంటే పలక గావాలె గదనే."

"కోడి గుడ్డు పెడ్తది. నీ ఆగబోటు ఏం పెడ్తది?"

చివరికి ఆవిడ కోళ్లగూటికి, ముంగిలికి కూడా ఉచితంగా బండలు పరిచి పలక తెచ్చుకున్నాను. మిగతా తొమ్మిదింటికీ అదే బేరం. ఒక పడవ బాగు చేయబోయి సగం ఊరికి ఫర్షి వేశాను. దాని గురించి ఒక్కడు మాట్లాడడు.

రెండో పేచీ బాయిలరు. వికారాబాదులో రైలింజన్ మీద ఫైర్‌మన్‌గా చేసి దిగిపోయిన ఎల్లయ్యను బతిమాలి తెచ్చాను. ఆయన బాయిలరు చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"గిది బాయిలరా, జల్లెడనా? ఇన్ని తూట్లేంది?"

"నువ్వుంటే అయితదన్నా."

వారం రోజులు తూట్లు పూడ్చాడు. పూడ్చాక బోటంతా వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం లెంకుతున్నవన్నా?"

"బ్రేకు."

"పడవకు బ్రేకుండదన్నా."

"బ్రేకు లేని బండి నేను తోలను" అని సంచి సర్దుకున్నాడు. ఎదురు రైలేదీ రాదని, చెరువుకు ఒకటే లైనని, ఆ లైను మీద మనమే ఉంటామని ఖాజా మామ గంటసేపు నచ్చచెబితే ఆగాడు.

ఇక మూడోది, అసలుది. బోటు లోపల నేల. చెక్కంతా చెద తినేసింది. కాలు పెడితే మోకాలి దాకా దిగిపోయేది. వడ్రంగం చేసే వడ్ల రాజన్న వచ్చి చూసి, టేకు కావాలని, అడవి నుంచి తేవాలని, కోసి ఆరబెట్టడానికే రెండు నెలలు పడుతుందని చెప్పి వెళ్లిపోయాడు. జమాబందీకి పన్నెండు రోజులే ఉన్నాయి.

మీరు తాండూరు వైపు వాళ్లు కాకపోతే నా మాట మీకు విడ్డూరంగా ఉంటుంది. మా దగ్గర నేల అంటే బండే. ఇంట్లో బండ, అరుగు మీద బండ, గోడకు బండ, కొన్ని ఊళ్లలో ఇంటి కప్పు కూడా బండే. చెక్క నేల మీద నడిచే మనిషిని నేను అంతవరకు చూడలేదు. నేల పాడైందంటే మాకు తోచే మందు ఒక్కటే.

"మామా, టేకు ఎందుకు? ఫర్షి ఏస్త."

ఖాజా మామ గడ్డం గోక్కున్నాడు. "బరువు జర సూడు బేటా."

"జాగీర్దారు దినాలల్ల ఎంతమంది ఎక్కుతుండిరి?"

"ఇరవై మంది."

"మరి ఇరవై మంది బరువుకు సరిపోను బండలేస్త. ఎక్వ ఒక్కటి ఎయ్య."

లెక్కలో తప్పేముందో మీరే చూడండి. ఖాజా మామకూ కనబడలేదు, ఎల్లయ్యకూ కనబడలేదు. చూడటానికి వచ్చిన ఊరివాళ్లలో ఒక్కొక్కడూ ఒక్కో సలహా చెప్పాడు. పొగగొట్టానికి రంగు వెయ్యమన్నారు, నిమ్మకాయలు కట్టమన్నారు, చక్రానికి ఆముదం రాయమన్నారు. 'ఇరవై మంది బరువు బండలే తింటే మనుషులు ఎక్కడెక్కుతారురా' అని అడిగినవాడు ఒక్కడు లేడు. మునిగాక మాత్రం అందరికీ ముందే తెలుసట.

సన్నటి బండలు ఏరి, నున్నగా చెక్కి, సున్నం పోసి పరిచాను. నా జన్మలో అంత మంచి ఫర్షి వెయ్యలేదు. రసమట్టం పెట్టి చూశాను. పని తెలిసినవాడు నేలకు కాస్త వాటం పెడతాడు, కడిగిన నీళ్లు ఒక మూలకు జారాలి. వాటం పెట్టాను. నీళ్లు ఆ మూలకు చేరాక బయటికి పోవాలి కదా? దానికి తూము ఉండాలి. తూము లేని ఫర్షి వేస్తే మా నాయన నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. అందుకని ఆ మూలన, బోటు పక్క ఇనుపరేకుకు ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేసి, పిడికిలంత తూము పొడిచాను.

ఆ రోజు ఖాజా మామ బొగ్గు కోసం వికారాబాదు వెళ్లాడు. అదే నా ఖర్మ.

తూము పెట్టాక బోటును నీళ్లలోకి దింపాం. తేలింది. తూముకూ నీటికీ మధ్య జానెడు ఎడం ఉంది. ఒక బిందె నీళ్లు తెచ్చి ఫర్షి మీద కుమ్మరించాను. నీళ్లు వాటం పట్టుకుని తూము దాకా పోయి చెరువులో పడ్డాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో నాకు తెలియదు.

జమాబందీ రోజు వచ్చింది. ఖాజా మామ పాత ఖాకీ కోటు తొడుక్కుని, కూతగొట్టాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చి బిగించాడు. ఎల్లయ్య బొగ్గు మండించాడు. తహసీల్దారు ఎక్కాడు. పట్వారీ ఎక్కాడు. పటేలు, ఆయన బావమరిది, బడి పంతులు ఎక్కారు. దండలు పట్టుకున్నవాళ్లు ఎక్కారు. దండలు ఇస్తే దిగిపోతారనుకున్నాను. ఎవరూ దిగలేదు. లెక్కపెడితే పద్నాలుగు మంది.

"ఫర్షి మస్తుగున్నది" అన్నాడు తహసీల్దారు. ఆ ఒక్క మాటకు నా ఛాతీ చొక్కా గుండీలు తెంపింది.

ఖాజా మామ తాడు లాగాడు. కూత మోగింది. ఏడెనిమిదేళ్ల తర్వాత ఆ చెరువు మీద మోగింది. గట్టు మీద ఎడ్లు కట్లు తెంపుకున్నాయి. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నా కళ్లలోనూ తిరిగాయి. చక్రాలు తిరిగాయి. బాలమ్మ కోళ్లగూటి పలక నీళ్లు కొడుతుంటే ఆవిడ గట్టు మీద నుంచి "గదిగో నా పలక" అని అందరికీ చూపించింది.

పది బారలు పోయాక గట్టు మీదివాళ్లు పూలు విసిరారు. పూలు పట్టుకోవడానికి పద్నాలుగు మందీ ఒక మూలకు జరిగారు. ఏ మూలకో చెప్పాలా?

ముందు పట్వారీ చూశాడు. "నర్సింలూ, నీళ్లు గిట్ల వస్తున్నయేంది?"

"రావు పట్వారి సాబ్, పోతయి. గది తూము."

"వస్తున్నయిరా."

వంగి చూశాను. నీళ్లు వస్తున్నాయి. నాకు భయం కాదు, కోపం వచ్చింది. నేను పెట్టిన వాటానికి ఎదురెక్కి వస్తున్నాయి. నా వాటానికి ఎదురు పోయిన నీళ్లను అంతకుముందు నేనెక్కడా చూడలేదు. రసమట్టం తీసి మళ్లీ పెట్టబోయాను.

"మట్టం తర్వాత సూడు, తూము మూయి" అని అరిచాడు ఎల్లయ్య.

తలపాగా కుక్కాను. పిడికిలంత తూములో ఏడు గజాల తలపాగా చక్కగా దూరి, చెరువులోకి వెళ్లిపోయింది.

అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. కడిగిన నీళ్లు పోవడానికి తూము పెట్టనేల అని మాత్రం ఏ పెద్దా అనలేదు. అని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"బ్రేకుంటే గిప్పుడు పనికొస్తుండె" అంటూ ఎల్లయ్య మొదట దూకాడు. బోటు పక్కకు ఒరగలేదు, తలకిందులు కాలేదు. మర్యాదగా, చదునుగా కిందికి దిగి, బురదలో కూర్చుంది. నీళ్లు నడుము దాకా వచ్చి ఆగాయి. తహసీల్దారు దండతో నిలబడ్డాడు. పట్వారీ జమాబందీ దస్త్రం నెత్తిన పెట్టుకున్నాడు. ఖాజా మామ మాత్రం తాడు వదల్లేదు. నిప్పు ఆరిపోయి, ఆవిరి అయిపోయేదాకా కూత కూయిస్తూనే ఉన్నాడు.

అంతా ఒడ్డుకు చేరాక నేను ఆయన కాళ్ల మీద పడ్డాను. "మామా, నీ బోటు ముంచిన. ఇగ అమ్మేస్తరు."

"మోగింది గద బేటా" అన్నాడు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

వారానికి పట్నం నుంచి పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. నడుము లోతు నీళ్లలో దిగి, నా ఫర్షిని కాలితో తట్టి, గడ్డపార పెట్టి లేపబోయాడు. గడ్డపార వంగింది, బండ కదల్లేదు. ఇరవై మంది బరువు, సున్నంతో కరుచుకుని, బురదలో కూర్చుని ఉంది.

"దీన్ని తియ్యాల్నంటే చెరువే ఎండాలె" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ చెరువు ఇంతవరకు ఎండలేదు. బోటు అక్కడే ఉంది. ఖాజా మామ బతికినన్నాళ్లు రోజూ పొద్దున నీళ్లలో నడిచి వెళ్లి, నీళ్ల పైకి తేలి ఉన్న చక్రం మీద కూర్చునేవాడు. "నువ్వు నడిపిస్తే ఏదో ఒక దినం అమ్ముదురు బేటా. మునిగింది గనక ఎవ్వరు ముట్టలే" అనేవాడు. మరి ముంచింది ఎవరు? బోటును కాపాడింది ఎవరు? ఈ మాట ఎవరైనా అంటారా? అనరు.

నెల తిరగకముందే తహసీల్దారు చప్రాసీ మా ఇంటికి వచ్చాడు. జైలు తప్పదనుకుని అవ్వ ఏడుపు మొదలుపెట్టింది. సాబ్ ఇంటికి ఫర్షి వెయ్యాలట. మునిగినా ఒక్క బండ అటూ ఇటూ కాలేదు, అలాంటి పని కావాలన్నాడట. వెళ్లి వేశాను. ఆయన రోజూ కుర్చీ వేసుకుని నా పక్కనే కూర్చునేవాడు. చివరి రోజు నేను గోడ మూలన ఉలి పెట్టగానే లేచి, కుర్చీ ఎత్తుకుని, వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

అందుకని నా ఉలి మీద, మా నాయన రసమట్టం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక నీళ్ల మీద తేలే దేనికీ ఫర్షి వెయ్యను. వేసినా తూము పెట్టను. పెట్టక తప్పకపోతే, ఈత వచ్చిన తహసీల్దారునే ఎక్కిస్తాను.