అమ్మాసి నేర్చుకున్న పేరు

మద్రాసు వ్యాసర్పాడిలో మా వీధి కుళాయి దగ్గర అమ్మాసి నోటికి ఎదురు నిలిచినవాళ్ళు లేరు. లారీ నీళ్ళు వచ్చిన రోజు ఆమె బిందెను వరుస తప్పించాలని ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ ఆ పని చెయ్యరు. అలాంటి మనిషికి ఫోటో అంటే మాత్రం ఎక్కడలేని భయం. రేషన్ కార్డు ఫోటోలో కళ్ళు మూసుకుంది. ఆధార్ ఫోటోలో గుడ్లు తేలేసింది. పెళ్ళి ఫోటోలో వంచిన తలా, తలలో పూలూ తప్ప మొహం కనపడదు.

"ఎందుకే అంత భయం?" అని అడిగితే, "అది నన్ను చూస్తాది టీచరమ్మా, నాకు దాని మొకం కనపడదు. మొకం లేనిదాంతో ఎట్ట మాట్లాడేది?" అనేది.

నేను ఇక్కడి తెలుగు బడిలో చదువు చెప్పి రిటైరయినదాన్ని. ఆ బడి ఇప్పుడు లేదు, పిల్లలు రాక మూసేశారు. మా వీధిలో గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. అమ్మాసి పురసవాక్కంలో రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. ఆమె భర్త నాగలింగం రైల్వే గూడ్స్ యార్డులో మూటలు మోసినవాడు. మోసీ మోసీ కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది.

అమ్మాసి ఎన్నడూ మొగుడి పేరు పలకలేదు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పి పంపించింది. రేషన్ షాపులో పేరడిగితే, "పడగెత్తేది ఉండాది చూడు, దాని పక్కన ఈశ్వరుడి గుళ్ళో ఉండేది పెట్టుకో" అనేది. షాపువాడికి తల తిరిగేది. వెనక వరుసలో ఉన్నవాళ్ళం నవ్వుకుంటూ పేరు అందించేవాళ్ళం. ఇంట్లో ఆమె పిలుపు ఒక్కటే, "యోవ్". కోపానికీ అదే, కూటికీ అదే. ఆ ఒక్క ముక్కలో ఎన్ని రకాలుండేవో అతనికే తెలియాలి.

నాలుగేళ్ళ కిందట నాగలింగానికి మతిమరుపు మొదలైంది. బీడీలకని వెళ్ళి దారి మరిచేవాడు. ముందు అరవం పోయింది, టీ కొట్లో అడిగినదానికి బదులు చెప్పలేక నిలబడిపోయేవాడు. తర్వాత మనుషుల పేర్లు పోయాయి. నన్ను చూసి "ఎవురమ్మా నువ్వు?" అన్న రోజు నాకు ఇంటికొచ్చి అన్నం సయించలేదు. కానీ సందు చివర ఉన్నా సరే, వెనకనించి "యోవ్" అని కేక వినపడితే టక్కున ఆగేవాడు, తిరిగి చూసేవాడు, బుద్ధిగా ఇంటికొచ్చేవాడు. అమ్మాసికి ఆ ధైర్యం ఒకటి ఉండేది. ఎంత దూరం పోయినా పిలిస్తే వస్తాడని.

పిలిచినా వినపడనంత దూరం పోయాడు ఒకరోజు. ఆమె రోడ్లు ఊడ్చి వచ్చేసరికి తలుపు తీసి ఉంది, మనిషి లేడు. యార్డు వెతికాం, ఆస్పత్రులు వెతికాం. స్టేషన్లో ఫిర్యాదిస్తే, "వస్తాడులేమ్మా" అన్నారు. రాలేదు.

మా పక్కింటి విజి పురసవాక్కంలో బ్యూటీ పార్లర్లో పని చేస్తుంది. రోజంతా ఊళ్ళో ఆడవాళ్ళ మొహాలు దిద్ది, రాత్రి ఫోన్లో వీడియోలు పెడుతుంది. మంచి పిల్ల, చేతికి తొందరెక్కువ. "అత్తా, నువ్వు మాట్లాడు, నేను వీడియో ఎత్తి పెడతా. ఎవురో ఒకరు చూసినవాళ్ళు చెప్తారు" అంది.

మొదటి వీడియో మా ఇంటి అరుగు మీద తీశారు. అమ్మాసి అప్పుడే పనినించి వచ్చింది, జుట్టు రేగి ఉంది. ఫోన్ ఎత్తగానే కొంగు నోటికడ్డం పెట్టుకుని పక్కకు తిరిగిపోయింది. విజి బతిమాలగా బతిమాలగా, గోడ వైపు చూస్తూ అంది. "యోవ్... ఏడుండావయ్యా? పొద్దు పోతా ఉండాది. కూడు ఆరిపోతాది, రాయ్యా ఇంటికి."

అంతే. లేచి లోపలికి పోయింది.

విజి తలపట్టుకుంది. "అయ్యో అత్తా! పేరు చెప్పలా, మొకం చూపీలా. దీన్ని చూసి ఎవురికి ఏం తెలస్తాది?" అని అక్కడికక్కడే చెరిపేసింది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు పట్టేందుకేమీ లేదు. తప్పిపోయిన మనిషికి పేరుండాలి కదా.

ఆ సాయంత్రంనించి పాఠాలు మొదలయ్యాయి. విజి తన ఎర్ర స్టిక్కరు బొట్టు ఒకటి తీసి ఫోన్ మీద, కెమెరా పక్కనే అంటించింది. "ఇదో, దీనికి మొకం వచ్చేసింది. ఈ బొట్టును చూసి మాట్లాడు" అంది. ముందు పేరొక్కటే పలకమంది. అమ్మాసి పెదవులు తడుపుకుంది, చుట్టూ చూసింది, గాలికి కూడా వినపడనట్టు "నాగలింగం" అంది. వెంటనే లెంపలేసుకుని, ఈశ్వరుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

మర్నాడు కొంచెం గట్టిగా అంది. ఆ తర్వాత రోజు లెంపలేసుకోవడం మరిచిపోయింది. ఒక వీడియోలో పేరు మింగేసింది, ఇంకోదాంట్లో పేరు చెప్పి ఊరు మరిచింది. అయినా వదల్లేదు. తెల్లారకముందే రోడ్డు ఊడుస్తూ కూడా అదే వల్లించుకునేదట. తినగ తినగ వేము తియ్యనంటారు. వేపాకు లాంటి ఆ పేరు ఆమె నాలుకకు నెమ్మదిగా అలవాటైంది.

విజి మొహానికి పౌడరు రాసి, జుట్టు నున్నగా దువ్వి, తన జరీ అంచు చీర కట్టబెట్టింది. మాట కూడా దిద్దింది. నలుగురికీ అర్థం కావాలని అరవంలో, అదీ మర్యాద అరవంలో చెప్పించింది. "నాగలింగం, మీరు ఎక్కడున్నా ఇంటికి రండి" అని అచ్చం రేడియోలో చదివినట్టు చెప్పడం నేర్చుకుంది అమ్మాసి. తల వంచలేదు, కొంగు వెతకలేదు, బొట్టు మీదనించి చూపు తిప్పలేదు. ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఒక ఛానల్ అతను మైకు పట్టుకుని వచ్చాడు, అతని ముందూ తొణకలేదు. రోడ్డు ఊడుస్తుంటే స్కూటర్లు ఆపి, "వీడియో అమ్మవు కదా, దొరికాడా?" అని అడిగేవాళ్ళు. నడకలో మెడ నిలబడింది. భర్త తప్పిపోయిన దుఃఖంలో ఒక మనిషి ఇంత నిటారుగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు గర్వంగా ఉండేది.

వీడియో కింద ఎవడో పనిలేనివాడు, "కళ్ళల్లో నీళ్ళే లేవు, అంతా నటన" అని రాశాడు. విజి చదివి తిట్టింది. అమ్మాసి మాత్రం, "ఏడిస్తే పేరు సరిగ్గా పలకదు విజీ. అందుకే ఏడవను" అంది.

చివరి వీడియోలో, ఎవరూ చెప్పకుండానే, భుజం మీది కాయ సంగతి కూడా చెప్పింది. అది చూసి చెంగల్పట్టు దారిలో ఉన్న ఒక ఆశ్రమంనించి మోహన్‌రాజ్ అనే అతను ఫోన్ చేశాడు. దిక్కులేని ముసలివాళ్ళను పెట్టుకునే చోటట. "ఒకసారి వచ్చి చూడండమ్మా" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

అమ్మాసి పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది. ఉతికిన లుంగీ మడిచి సంచీలో వేసుకుంది. ముగ్గురం సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి, పార్కు స్టేషన్లో చెంగల్పట్టు రైలెక్కాం. దారి పొడుగునా ఆ డబ్బాను ఒళ్ళోనించి దించలేదు.

మోహన్‌రాజ్ మాలాగే మద్రాసు తెలుగువాడు. మమ్మల్ని కూర్చోబెట్టి ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. గుండు చేసిన తల, తెల్లగడ్డం, ఎండిపోయిన మొహం. చొక్కా జారిన భుజం మీద నిమ్మకాయంత కాయ.

"ఏడుండాడు?" అంది అమ్మాసి, సంచీ తీసుకుని లేస్తూ.

అతను తల దించుకున్నాడు. జ్వరం వచ్చి పోయాడట. ఎవరూ లేరనుకుని పోలీసులకు చెప్పి, ఆశ్రమంవాళ్ళే పాతిపెట్టారట. నాలుగు వారాలు దాటింది.

అమ్మాసి మళ్ళీ కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, "మా వీడియోలు ఈడికి రాలేదా అన్నా?" అంది.

"వచ్చినాయమ్మా. ముందు వచ్చిన వీడియో ఒకటి నేనే ఆయనకు చూపించినాను. వీడియోలో చెప్పిన పోలికలు ఉండాయని అనుమానం. చెవికాడ పెట్టుకుని మొత్తం విన్నాడు. నీ పెండ్లామేనా తాతా అంటే, కాదన్నాడు. ఎవురో పెద్దింటామె అన్నాడు." మోహన్‌రాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నా పెండ్లాము నన్ను పేరు పెట్టి పిలవదు అన్నాడమ్మా. అంత తెలివిగా చెప్పినాడని నేనూ వేరే మనిషి అనుకున్నా. సాయంత్రం అయితే గేటుకాడ నిలబడేవాడు. లోపలికి రా తాతా అంటే, పిలుస్తాది, పోతా అనేవాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అనుమానం ఉన్నవాడివి ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయేదయ్యా అని అరిచాను. అతను కళ్ళు తుడుచుకున్నాడు. అరిచి ఏం లాభం? మతి పోయిన మనిషి అన్నీ మరిచి, ఆ ఒక్క పిలుపునే గట్టిగా పట్టుకున్నాడు. దాన్నే ఈమె, అతనికోసం, కష్టపడి వదులుకుంది.

పాతిపెట్టిన చోట పెరుగన్నం పెట్టి, దాని మీద లుంగీ పరిచి వచ్చాం. రైల్లో అమ్మాసి ఒక్కటే అడిగింది. "విజీ, ఆ మొదుటిది... నేను గోడకల్ల తిరుక్కుని పిలిచినది, ఫోన్లో యాడన్నా ఉంటాదా?"

"పోయింది అత్తా," అని విజి ఏడ్చేసింది. "నేనే పోగొట్టినా."

"ఏడవొద్దులే. నువ్వేం కావాలని చేసినావా?" అని అమ్మాసి ఆ పిల్ల వీపు నిమిరింది. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందన్న వాళ్ళమ్మ మాట ఆమెకు గుర్తొచ్చే ఉంటుంది. అదంతా ఉత్తదని చెప్పాలని నోటిదాకా వచ్చింది, కానీ ఆ వేళ నా నోరు లేవలేదు.

కర్మ రోజున అయ్యగారు పోయినవారి పేరు చెప్పమన్నాడు. ఊరందరి ముందూ ధైర్యంగా పలికిన మనిషి, నా వైపు చూసింది. నేనే చెప్పాను.

అందరూ వెళ్ళాక అమ్మాసి వచ్చి మా అరుగు మీద కూర్చుంది, మొదటిసారి కూర్చున్న చోటే. విజిని ఫోన్ తెమ్మంది. పౌడరు తేబోతే వద్దంది. జుట్టు రేగి ఉంది, కట్టింది పని చీర. ఫోన్ మీద ఆ ఎర్ర బొట్టు ఇంకా ఉంది, అంచు కాస్త లేచింది. అమ్మాసి గోడ వైపు తిరగలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. బొట్టును సూటిగా చూసింది.

"చెప్పత్తా," అంది విజి.

"యోవ్," అంది అమ్మాసి. "ఆ ఫోన్లో పిలిచింది నేనేయ్యా."